మైకు మొక్కుడు

మా బ్యాండులో ఒక అలవాటుంది. పాట మొదలుపెట్టే ముందు మైకును ముట్టుకుని చెయ్యి కళ్లకద్దుకుంటాం. దాని పేరు మైకు మొక్కుడు. ఆ పేరు పెట్టింది నేను. పని మొదలుపెట్టింది మాత్రం మా లైట్ల కిష్ట్యా. ఆయన చేసేది మొక్కడం కాదని నాకు ఇరవై రెండేళ్ల దాకా తెలియలేదు. తెలిసేసరికి మా సింగర్ పూర్ణిమ కుడి అరచెయ్యి కాలింది, కిష్ట్యా పేరు మట్టిలో కలిసింది. రెండూ నా వల్లే జరిగాయి. ముందే చెప్పేస్తున్నాను. చివరిదాకా దాచి ఊరించే ఓపిక నాకు లేదు. దాచడంలో ఉండే సుఖం ఎనిమిది నెలలు చూశాను, చాలు.

నా పేరు శ్రీనివాస్. సూర్యాపేటలో అందరూ సీనన్న అంటారు. పొద్దున ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు పాటలు చెప్తాను, సాయంత్రం కీబోర్డు వాయిస్తాను. మాది మూసీ తరంగం అని అయిదుగురి బ్యాండు. పెళ్లి రిసెప్షన్లు, గణపతి నవరాత్రులు, పుట్టినరోజులు, ఎవరు పిలిస్తే వాళ్లకు వాయిస్తాం. ఇటు కోదాడ, అటు మిర్యాలగూడ, ఎప్పుడైనా నాగార్జున సాగర్. అంతకుమించి మా పేరు ఎవరికీ తెలియదు. నాకు కోపం ఎక్కువ, బుద్ధి ఆలస్యం. మా ఆవిడ అనే మాట ఇది, నేను కాదనను.

కిష్ట్యాది పెన్‌పహాడ్ దగ్గర ఒక తండా. తల్లి శాంతాబాయి పాతకాలం మనిషి, చివరిదాకా అద్దాలు కుట్టిన రవికే వేసుకుంది. పొద్దున ఎండలో గడప ముందు కూర్చుని జొన్నలు చెరుగుతుంటే ఆ అద్దాల వెలుగు ముక్కలు ఎదురుగోడ మీద ఆడేవట. "అమ్మ కదిల్తె సుక్కలు కదిలేటియి. నేను చేత్తోని పట్టబొయ్యేటోన్ని. ఎంత పట్టినా చెయ్యి మీదికే వచ్చేటియి గని చేతులకు రాకపోయేటియి" అని ఒకసారి చెప్పాడు. లైట్ల గురించి ఆయనకున్న చదువు అదీ, తిరుమలగిరిలో బోరు మోటార్లు చుట్టే కొట్టులో గడిపిన ఆరేళ్లూ. పదో తరగతి తప్పాడు. కరెంటు మాత్రం ఆయన్ను ఎప్పుడూ తప్పించుకోలేదు.

మేం కలిసింది గణపతి నవరాత్రుల్లో. అప్పట్లో మా స్టేజికి రెండు ట్యూబులైట్లే గతి. మైకుసెట్టు వాడి దగ్గర వైర్లు లాగే మనిషిగా వచ్చిన కిష్ట్యా ప్రోగ్రాం అయ్యాక నా దగ్గరికొచ్చి, "అన్నా, మీ పాట మంచిగ ఇనబడుతుంది గని మొఖాలు కనబడ్తలేవ్. మొఖం కనబడకపోతే ఎవలు పాడుతున్నరో జనానికి ఏమెర్క?" అన్నాడు. నువ్వెవడివిరా చెప్పడానికి అని గయ్‌మన్నాను. వారం తిరగకుండా నాలుగు నూనె డబ్బాలు పట్టుకుని వచ్చాడు. డబ్బాలు కోసి, లోపల హాలోజన్ బల్బులు పెట్టి, మూతికి రంగు కాగితాలు కట్టాడు. అరగంటకొకసారి కాగితం మాడి కమురు వాసన వచ్చేది. అయినా ఆ రోజు మొదటిసారి మా సింగర్ మొహం జనానికి కనబడింది. ముసలమ్మలు సైతం కుర్చీలు ముందుకు జరుపుకున్నారు. నా గయ్‌మనడం నేనే మింగాను.

ఆయన నాకంటే నాలుగేళ్లు పెద్ద. అయినా నన్ను అన్నా అనేవాడు, నేను కిష్ట్యా అనేవాణ్ణి. మాది భూములున్న ఇల్లు, వాళ్లది తండా. ఈ లెక్క ఎవరూ రాయలేదు, ఎవరూ చెరపలేదు.

మొదటి ఏడాది ఒక తమాషా జరిగింది. విషాదం పాట నడుస్తుంటే నేను కీబోర్డు మీద నుంచి "నీలం! నీలం వెయ్యి!" అని అరిచాను. పచ్చ లైటు వేశాడు. పాడే మనిషి పదిరోజులు జ్వరంతో పడుకుని లేచినట్టు కనబడింది. జనం ఒకటే నవ్వు. తర్వాత తెలిసింది, వాళ్ల లంబాడీ భాషలో లీలో అంటే పచ్చ అట. డప్పుల చప్పుడులో నా నీలం ఆయన చెవికి లీలో అయింది. నేనూ నవ్వి ఊరుకున్నాను. మా ఇద్దరి మధ్య మాట అలా జారగలదని అప్పుడే తెలుసుకోవాల్సింది.

కాలం మారింది. నూనె డబ్బాలు పోయి ఎల్‌ఈడీ లైట్లు వచ్చాయి, మీటల బోర్డు వచ్చింది. నలభై ఏళ్ల వయసులో ఫోన్లో వీడియోలు చూసి అవన్నీ నేర్చుకున్నాడు. ఈలోగా పెళ్లిళ్లకు కొత్త మోజు పట్టింది. గిరగిర తిరిగే లైట్లు, పొగ, కళ్లలో పొడిచే మెరుపులు. పాడేది ఆడమనిషో మగమనిషో తెలియనంత హడావుడి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు కిష్ట్యా మాత్రం అదే పట్టు. వెనక ఎన్ని రంగులు ఆడించినా సింగర్ మొహం మీద పసుపు కలిసిన తెల్లటి లైటు ఒకటి నిలకడగా ఉంచేవాడు. పూర్ణిమ కళ్లు మూసుకుని పాడే చోట దాన్ని కొంచెం తగ్గించేవాడు, తెరిచే చోట పెంచేవాడు. ఆమె పాటలన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఆమె ఊపిరి తీసుకోవడం కూడా వచ్చు.

ఇక మొక్కుడు సంగతి. ప్రోగ్రాం మొదలయ్యే ముందు ప్రతిసారీ కిష్ట్యా చెప్పులు విప్పి స్టేజి ఎక్కేవాడు. అడుగున నేల పొడిగా ఉంటే సీసాలోంచి నాలుగు చుక్కలు చల్లుకుని, వాటి మీద వట్టి కాళ్లతో నిలబడేవాడు. కొంచెం వంగి, కుడిచేతి వేళ్ల వెనక వైపుతో మైకును తాకేవాడు. ఒక్క క్షణం ఆగేవాడు. తర్వాత ఆ చెయ్యి నుదుటికి ఆనించుకుని దిగిపోయేవాడు. చెప్పులు విప్పడం, నీళ్లు చల్లడం, వంగడం, నుదుటికి ఆనించడం. ఇది చూసిన మనవాడెవడైనా ఏమనుకుంటాడు? నేనూ అదే అనుకున్నాను. ఎంత భక్తిరా వీడికి అని ముచ్చటపడ్డాను. ఒకసారి అడిగితే, "ముట్టి సూస్కోవాలె గదన్నా" అన్నాడంతే. నాకు అదీ భక్తిలాగే వినబడింది.

నేను ఊరుకునే రకం కాదు కదా. ఇదేదో బాగుందని బ్యాండు మొత్తానికి అలవాటు చేశాను. పాట మొదలయ్యే ముందు అందరం వరసగా మైకు ముట్టుకుని కళ్లకద్దుకునేవాళ్లం. ఫొటోల్లో బాగా పడేది. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. మేమంతా బూట్లతోనే మొక్కేవాళ్లం, అదీ అరచేత్తో. నావి తెల్ల బూట్లు, అడుగున రెండు వేళ్ల మందం రబ్బరు. వాటిమీద నాకు కొంచెం గర్వం కూడా. పోను పోను కిష్ట్యా కూడా మా మాటే వాడటం మొదలుపెట్టాడు. "మైకు మొక్కొచ్చిన అన్నా, ఇగ కానియ్" అనేవాడు. ఆయన పని ఆయనది, మా మొక్కు మాది. పేరు మాత్రం ఒకటే అయిపోయింది.

పోయిన ఏడు జులైలో మిర్యాలగూడలో రిసెప్షన్. బయట పచ్చిక మీద ఇనుప స్టేజి. సాయంత్రం అయిదింటికే కిష్ట్యా లైట్లు కట్టి, వైర్లు పరిచి, మైకు చూసుకున్నాడు. ఆరింటికి వాన దంచికొట్టి ఆగింది. పెళ్లివారి సోఫాలకు చోటు చాలలేదని అలంకరణ పనివాళ్లు స్టేజిని రెండడుగులు వెనక్కి జరిపారు. జరిపినప్పుడు ఇనుప కాలొకటి లైటు వైరు మీద కూర్చుంది. అది ఎవరూ చూడలేదు. అంతలో కరెంటు పోయింది. హాలు వెనక జనరేటర్ దగ్గరికి కిష్ట్యా పరుగెత్తాడు. కరెంటు మారిన ప్రతిసారీ మైకు మళ్లీ చూడాలనేది ఆయన పద్ధతి. ఆ రోజు జనరేటర్ మొరాయిస్తోంది, వదిలి రాలేడు. పెళ్లికొడుకు మేనమామ నా పక్కనే నిలబడి ఇంకెంతసేపు, ఇంకెంతసేపు అని ప్రాణం తీస్తున్నాడు. లైట్లు వెలిగాయి. కిష్ట్యా ఫోన్ చేశాడు.

"అన్నా, కరెంటు మారింది. కింద తడి ఉన్నది. మైకు మొక్కినవా?"

"మొక్కిన, మొక్కిన. నువ్వు జనరేటర్ సూస్కో" అన్నాను.

అబద్ధం కాదు. మొక్కాను. తెల్ల బూట్లతో, అరచేత్తో, కళ్లకద్దుకుని మరీ మొక్కాను. ఆ మైకునే తీసి పూర్ణిమ చేతికిచ్చాను. తడికి జారుతాయని ఆమె చెప్పులు విడిచి ఉంది. తడిసిన తివాచీ మీద రెండడుగులు వేసింది.

కేక పూర్తిగా రాలేదు. చెయ్యి మైకును పట్టేసింది, మైకు చెయ్యిని పట్టేసింది. పడిపోయినా వదలలేదు. ఆమె భర్త కార్తీక్ మా బ్యాండులోనే ప్యాడ్స్ వాయిస్తాడు. పరుగెత్తి పట్టుకోబోయిన అతన్ని డ్రమ్ముల అబ్బాయి వెనక్కి లాగాడు. ఆ గోల విని కిష్ట్యా జనరేటర్ కట్టేశాడు. అంతా చీకటి. ఆ చీకట్లో నాకు నా బూట్లే తెల్లగా కనబడ్డాయి.

పూర్ణిమ బతికింది. అరచెయ్యి కాలింది, రెండు వేళ్లు ఇప్పటికీ సరిగా ముడవవు. దవాఖానా వరండాలో పెళ్లివారి పెద్దమనిషి, కార్తీక్, ఇంకో పదిమంది నన్ను చుట్టుముట్టి, అసలు చెక్ చేసింది ఎవరని అడిగారు. కిష్ట్యా గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు. వాళ్ల కంటే ముందు తానే వెళ్లి, స్టేజి కాలు కింద చితికిన వైరు చూసి వచ్చాడు. వాళ్లు అడుగుతుంటే ఆయన నా మొహం చూడలేదు. నా బూట్లు చూశాడు. అప్పుడు నాకు తెలిసింది. ఇరవై రెండేళ్లుగా ఆయన చెప్పులు ఎందుకు విప్పుతున్నాడో, చెయ్యి ఎందుకు తిప్పి పెడుతున్నాడో ఒక్క క్షణంలో తెలిసింది. రబ్బరు మీద నిలబడితే ఎంత కరెంటున్నా ఒంటికి తెలియదు. అరచేత్తో ముడితే పట్టేస్తుంది. వెనక వైపుతో ముడితే చెయ్యి దానంతటదే ఎగిరి వెనక్కి వస్తుంది.

"లైట్ల పనంతా కిష్ట్యానే సూసుకుంటడు" అన్నాను.

ఒక్క అక్షరం అబద్ధం లేదు ఆ మాటలో. నేను జీవితంలో ఆడిన పెద్ద అబద్ధం అదే.

మరునాడు కార్తీక్ మా మూడు ఊళ్ల ఆర్టిస్టుల వాట్సాప్ గ్రూపులో కాలిన చెయ్యి ఫొటో పెట్టి, కిష్ట్యా పేరు రాసి, ఇతన్ని పిలిస్తే మీ ప్రాణాలకు మీరే జవాబుదారీ అని రాశాడు. అతన్ని ఏమనగలం? భార్య చెయ్యి కాలినవాడు. కింద ఎనభై మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. అందులో ఒకటి నాది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం కాదు, నేను పక్కవాడి భుజం చూపించాను.

ఆ రోజు నుంచి కిష్ట్యాకు ఫోన్ రాలేదు. గణపతి నవరాత్రులు పోయాయి, దసరా పోయింది, పెళ్లిళ్ల కాలం వచ్చి పోయింది. కాయకష్టానికి ఆయన ఎప్పుడూ వెనకాడలేదు, మళ్లీ బోరు మోటార్లు విప్పుకుని బతకగలడు. పోయింది పని ఒకటే కాదు. లైట్ల కిష్ట్యా అంటే చెయ్యెత్తి పలకరించిన ఊళ్లలో ఇప్పుడు షాక్ కిష్ట్యా అన్నారు. ఆ పేరు సూర్యాపేట బస్టాండులో నా చెవులతో నేను విన్నాను, విని టీ తాగి వచ్చాను.

మార్చిలో ఒక మధ్యాహ్నం బడి గేటు దగ్గర ఆయన భార్య జమున నిలబడి ఉంది. తండా నుంచి రెండు బస్సులు మారి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"సీనన్నా, నిన్నొక్క మాట అడిగి పోత. మా ఆయన ఏం తప్పు చేసిండు?"

నేను ఏదో వైరు, వాన, నసీబు అని గొణిగాను.

"నేను గదే అడుగుతున్న. వైరు ఆయన తొక్కిండా? వాన ఆయన తెచ్చిండా? ఇంట్ల అడిగితే ఒక్కటే మాట, నేనే పోయి మైకు ముట్టాల్సుండె అంటడు. లైట్లన్ని బస్తాలల్ల కట్టి మూలకేసిండు. ఇంట్ల బల్బు పోతే నన్ను మార్చుమంటున్నడు. కరెంటుకు భయపడ్తుండు అన్నా. గా మనిషి. కరెంటుకు."

నాకు కలిగినదాన్ని సిగ్గు అని రాస్తే చిన్నమాట. పిల్లలు ఆ ఎండలో గోల చేస్తూ మా పక్కనుంచే పోతున్నారు.

"జమునా, ఆయన నన్ను అడిగిండు. ఫోన్ చేసి మరీ అడిగిండు. నేను మొక్కిన అన్న. బూట్లు ఇప్పలే" అన్నాను.

తిడుతుందనుకున్నాను. కొట్టినా పడేవాణ్ణి. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, "గీ మాట నాకెందుకు చెప్తవ్? నేను మా ఆయనను ఎన్నడు అనుమానించలే. అనుమానించినోళ్లకు చెప్పుపో" అని బస్టాండు వైపు నడిచింది.

ఆ సాయంత్రం గ్రూపులో రాయబోయి మూడుసార్లు చెరిపాను. చేతకాని చెయ్యి. ఇలా కాదని మరునాడు పొద్దున్నే కోదాడ బస్సెక్కాను.

పూర్ణిమ వాకిట్లో కూర్చుని రబ్బరు బంతి నొక్కుతోంది, వేళ్లు కదలడానికి. ఎనిమిది నెలలుగా స్టేజి ఎక్కలేదు. ఇంట్లో కూడా పాడటం లేదని కార్తీక్ చెప్పేవాడు. నిలబడే చెప్పాను, కార్తీక్ ఎదురుగానే. చెప్పడం అయిపోయేసరికి అతని చేతిలో నా చొక్కా కాలర్ ఉంది. రెండు గుండీలు తెగాయి.

"వదులు" అంది పూర్ణిమ. అతను వదల్లేదు. "వదలమన్నానా!"

వదిలాడు. ఆమె తన అరచెయ్యి తిప్పి నాకు చూపించింది. చర్మం మెరుస్తూ, ముడుచుకుపోయి ఉంది.

"శ్రీనన్నయ్యా, ఆ రోజు నేను మైకు చూసి పట్టుకోలేదు. ఇచ్చింది నువ్వని పట్టుకున్నాను. తెలియక చేశావు, అది నేను పట్టించుకోను. కానీ ఎనిమిది నెలలు నన్ను ఆ కిష్ట్యన్నయ్యను తిట్టుకోనిచ్చావే? నిద్రలో కూడా తిట్టుకున్నాను ఆయన్ని. ఆ పాపం నా చేత చేయించావు."

గ్రూపులో అంతా రాసి పెడతానన్నాను.

"రాయొద్దు. నీ గొంతుతోనే చెప్పు, అందరూ వినేలాగా. నాకు మాత్రం ఇంకొకటి కావాలి. ఈ నెలాఖరుకు ఇక్కడే మా బంధువుల రిసెప్షన్ ఉంది. కిష్ట్యన్నయ్య లైట్లు కడితే ఎక్కుతాను. లేకపోతే జన్మలో ఎక్కను."

అక్కడే ఆమె వాకిట్లో నిలబడి ఫోన్లో గొంతు రికార్డు చేసి గ్రూపులో పెట్టాను. ఒక నిమిషం నలభై సెకన్లు. ఈసారి ఎవరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టలేదు. కొందరు తిట్టారు, ఎక్కువమంది ఏమీ అనలేదు. ఆ వారంలోనే మాకున్న రెండు ప్రోగ్రాంలు వేరే బ్యాండుకు పోయాయి. పోనీ.

కోదాడ నుంచి నేరుగా తండాకు వెళ్లాను. కిష్ట్యా వేపచెట్టు నీడన ఒక మోటారు విప్పుకుని కూర్చున్నాడు. చుట్టూ నట్లు, బోల్టులు. నన్ను చూసి లేవబోయాడు, మళ్లీ ఏమనుకున్నాడో కూర్చుండిపోయాడు. నేనూ కిందే కూర్చున్నాను.

"గ్రూపుల నీ గొంతు ఇన్న" అన్నాడు.

"నీకు ముందే ఎర్కనా?"

"దవాఖానల నీ బూట్లు సూసినప్పుడే ఎర్కైంది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"ఎవలకు చెప్పాలె అన్నా? పటేలు మీద తండాయన చెప్తే, సూడు ఎట్ల తప్పించుకుంటుండో అంటరు. నువ్వే చెప్తవని సూసిన." బోల్టు ఒకటి తుడిచి పక్కన పెట్టాడు. "జర ఆల్శమైంది."

ఆయన గొంతులో కోపం ఉంటే బాగుండేది. నేను తల ఎత్తలేక, ఇన్నేళ్లలో మైకు నీకు ఎన్నిసార్లు కొట్టిందని అడిగాను.

"పదకొండు. లెక్క యాదికున్నది. సాగర్‌ల ఒకపారి స్టేజి మీదికెల్లి కింద పడ్డ, యాదికున్నదా? తాగి ఎక్కినవారా అని నువ్వు నవ్వినవ్."

గుర్తుంది. నవ్వాను. అందరికీ చెప్పి నవ్వించాను కూడా. ఆ సాయంత్రం ఆయన లేచి, దుమ్ము దులుపుకుని, వైరు మార్చి, పూర్ణిమకు మైకిచ్చాడు. ఆమె గంటన్నర పాడింది.

"ఒక్కసారన్న చెప్పొద్దా కిష్ట్యా? మాకు కూడా నేర్పొద్దా?"

"చెప్తే పూర్ణిమమ్మ నవ్వుకుంట పాడుతదా? మైకును పామును సూసినట్టు సూస్తది. మొఖంల భయముంటే నేను ఎంత లైటు పెట్టి ఏం ఫాయిదా? మీరు మొక్కుడు అనుకున్నరు, అనుకోనియ్ మంచిదే అనుకున్న." మోటారు మూత పక్కకు జరిపాడు. "గదొక్కటి నా తప్పు. నేనే పరేషాన్ అయితున్న గదే యాదికొచ్చి. నోరిప్పి చెప్పాల్సుండె."

కోదాడకు వస్తావా అని అడిగితే, "సూస్త" అన్నాడు. జమున నీళ్ల చెంబు తెచ్చి నా ముందు పెట్టింది.

నెలాఖరున కోదాడలో సాయంత్రం నాలుగింటికి స్టేజి దగ్గర ఎదురుచూస్తున్నాం. ఆటో ఒకటి వచ్చి ఆగింది. బస్తాలు దిగాయి, తర్వాత కిష్ట్యా దిగాడు. ఎవరినీ పలకరించకుండా గంటసేపు లైట్లు కట్టాడు. బోర్డు మీట మీదికి చెయ్యి చాపాడు. ఒకసారి వెనక్కి తీసుకుని, మళ్లీ వేశాడు. లైట్లు వెలిగాయి. అప్పుడు నీళ్ల సీసా తెచ్చి తివాచీ మీద పోశాడు. చుక్కలు కాదు, సీసా మొత్తం.

"మొక్కు అన్నా" అన్నాడు నాతో.

బూట్లు విప్పాను. మేజోళ్లు విప్పాను. ఆ తడిలో నిలబడ్డాను. మైకు స్టాండు మీద అడుగు దూరంలో ఉంది. నా ఇరవై రెండేళ్ల మైకు. చెయ్యి తిప్పి ముందుకు చాపితే నా ఒళ్లంతా వద్దు వద్దు అంది. ఈ భయాన్ని ఈ మనిషి ప్రతి సాయంత్రం పడ్డాడు, ఒక్కడే పడ్డాడు, పడి నుదుటికి ఆనించుకుని దిగిపోయాడు. కార్తీక్ చేతులు కట్టుకుని చూస్తున్నాడు. ముట్టాను. చల్లటి ఇనుము, అంతే. ఏమీ కొట్టలేదు.

మైకు తీసి పూర్ణిమకు ఇవ్వబోయాను. ఆమె నా చేతిలోంచి తీసుకోలేదు.

"స్టాండుకే పెట్టు" అంది.

పెట్టాను. ఆమె చెప్పులు విడిచి ఆ తడిలోకి వచ్చింది. కాలిన చేతిని తిప్పి, ముడవని రెండు వేళ్ల వెనక వైపుతో మైకును తాకింది. తీసేసింది. మళ్లీ తాకింది. "కరెంటు మారితే?" అని అడిగింది కిష్ట్యా వైపు చూసి.

"ఆపి, మల్ల ముట్టుదం అమ్మా. మొక్కుడు కాదు, ముట్టుడు" అన్నాడు ఆయన.

ఆమె చెయ్యి చీరకు తుడుచుకుని, ఎడమచేత్తో మైకు అందుకుంది. ఆ సాయంత్రం మూడే పాటలు పాడింది. మొదటి పాటలో గొంతు రెండుచోట్ల తెగింది, మూడో పాటలో తెగలేదు. పసుపు కలిసిన ఆ తెల్లటి లైటు మొదటి నుంచి చివరిదాకా ఆమె మొహం మీదే ఉంది. ఒకటి కార్తీక్ మీద, ఒకటి డ్రమ్ముల మీద వేశాడు. నేను కీబోర్డు దగ్గర చీకట్లోనే వాయించాను. ఇరవై రెండేళ్లలో మొదటిసారి కిష్ట్యా నా మీద లైటు వెయ్యలేదు. ఏ మొహం పెట్టుకుని అడుగుతాను?